వంతెన ఫొటోలో పడవను వెతకండి

ప్రియమైన పిల్లలూ,

నది ఒడ్డు ఊరి పాత ఫొటో మీ చేతికి వస్తే, మొదట వంతెన మీదే చూపు పడుతుంది. ఫొటో తీసిన మనిషి చూపించాలనుకున్నదీ దాన్నే. వంతెనను తనివితీరా చూశాక, చూపును మెల్లగా కిందికి, నీటి అంచు దాకా తీసుకురండి. అక్కడ ఒక పడవ ఉందేమో వెతకండి. వంతెన రాకముందు ఆ ఊళ్ళో పెళ్ళివాళ్ళు, పశువులు, ఉత్తరాలు, జబ్బు మనుషులు అందరూ ఆ పడవ మీదే ఏరు దాటారు.

స్కాట్లాండ్‌లో ఫోర్త్ నది సముద్రంలో కలిసే చోట సౌత్ క్వీన్స్‌ఫెర్రీ అని ఒక ఊరుంది. రాణిగారి రేవు అని ఆ పేరుకు అర్థం చెప్పుకోవచ్చు. 11వ శతాబ్దంలో మార్గరెట్ రాణి యాత్రికుల కోసం అక్కడ పడవలు ఏర్పాటు చేయించింది. 1890లో అక్కడే పెద్ద ఉక్కు రైలు వంతెన వచ్చింది. ఇక పడవల పని అయిపోయిందనుకుంటాం కదా? అవలేదు. ఆ వంతెన రైళ్ళకు మాత్రమే. బండ్లు, తర్వాత కాలంలో కార్లు, కింద పడవ మీదే దాటాయి. 1964లో రోడ్డు వంతెన తెరిచాకే ఆ రేవు మూతపడింది. అంటే 74 ఏళ్ళ పాటు అక్కడ తీసిన ఫొటోల్లో పైన రైలు, కింద పడవ రెండూ దొరుకుతాయి. కొత్తది రాగానే పాతది మాయమైపోతుందని పుస్తకాల్లో చదివినప్పుడల్లా నాకు ఆ ఫొటోలే గుర్తొస్తాయి.

కొన్ని ఫొటోల్లో నది ఖాళీగా ఉంటుంది. నీళ్ళు పాలు ఒలికినట్టు తెల్లగా, అల లేకుండా కనిపిస్తాయి. ఆ రోజు ఏరు అంత నిశ్శబ్దంగా ఉందని నమ్మేయకండి. తొలినాళ్ళ కెమెరాలో బొమ్మ పడాలంటే చాలాసేపు వెలుతురు లోపలికి రావాలి. ఆ లోపు కదిలినవేవీ నిలవవు. 1838లో దాగేర్ అనే ఫ్రెంచి ఆయన పారిస్‌లో రద్దీ వీధి ఒకటి ఫొటో తీశాడు. బండ్లు, మనుషులు అందరూ మాయమయ్యారు. బూట్లు పాలిష్ చేయించుకుంటూ ఒకచోటే నిలబడ్డ మనిషి మాత్రం మిగిలాడు! నది మీద కూడా అంతే. ఒడ్డున కట్టేసిన పడవ స్పష్టంగా ఉంటుంది, సాగిపోతున్న పడవ మసకగా చెరిగిపోతుంది. ఆ మసకను మరక అనుకుని వదిలేయకండి.

ఫోర్త్ వంతెన సంగతి చెప్పాను కాబట్టి ఇంకో ఫొటో గురించి కూడా చెప్పాలి. అందులో వంతెన లేదు, ముగ్గురు మనుషులున్నారు. 1887లో బెంజమిన్ బేకర్ అనే ఇంజనీరు తన వంతెన బరువును ఎలా మోస్తుందో జనానికి చెప్పడానికి దీన్ని చూపించాడు. ఇద్దరు కుర్చీల్లో కూర్చుని చేతులు రెండు పక్కలకూ చాచారు. చేతుల్లోని కర్రల రెండో కొనలు కుర్చీలకు ఆనించి ఉన్నాయి. బయటి వైపు చేతులకు ఇటుకల బరువు కట్టారు. మధ్యలో వేలాడే పలక మీద కైచీ వతనబే అనే జపాన్ ఇంజనీరు కూర్చున్నాడు. ఆయన బరువుకు చేతులు సాగుతాయి, కర్రలు నొక్కుకుంటాయి, బయటి ఇటుకలు ఆ ఇద్దరినీ లోపలికి ఒరగనివ్వవు. వంతెనలోని ఉక్కు చేసే పని కూడా ఇదే. పెద్దవాళ్ళను పక్కన పెట్టుకుని ఇంట్లో చేసి చూడండి, పుస్తకం చదివితే రాని సంగతి మీ భుజాలకే తెలిసిపోతుంది.

అంత బలంగా ఎందుకు కట్టారంటే, దానికి ముందు ఘోరం జరిగింది. 1879 డిసెంబర్ 28 రాత్రి తుఫానులో, అదే స్కాట్లాండ్‌లో టే వంతెన కూలి రైలు నీళ్ళలో పడిపోయింది. అందులో ఒక్కరూ బతకలేదు. విచారణ కోసం విరిగిన స్తంభాలను వరసగా ఫొటోలు తీయించారు. వందేళ్ళు దాటాక కూడా ఇంజనీర్లు ఆ ఫొటోలను పెద్దవి చేసి, ఇనుము ఎక్కడ ఎలా విరిగిందో వెతికారు. అందంగా లేవని ఎవరైనా వాటిని పారేసి ఉంటే ఆ పని జరిగేదే కాదు.

ఫోర్త్ వంతెన కట్టేటప్పుడూ చాలామంది పనివాళ్ళు చనిపోయారు. పై నుంచి పడేవాళ్ళ కోసం కింద ఎప్పుడూ పడవలు కాపలా ఉండేవి. ఆ పడవలవాళ్ళు కొందరిని నీళ్ళలోంచి బతికించి తీశారు. చూశారా, మళ్ళీ పడవే!

కెమెరా పుట్టకముందు కూడా ఇదే కథ. ఇంగ్లాండులో సెవర్న్ నది మీద 1779లో పోత ఇనుముతో కమాను వంతెన నిలబెట్టారు. అంత బరువైన ముక్కలను ఎలా పైకెత్తారో చాలాకాలం ఎవరికీ సరిగ్గా తెలియలేదు. వంతెన కడుతుండగా వేసిన చిన్న నీటిరంగుల బొమ్మ ఒకటి 1997లో స్టాక్‌హోంలో బయటపడింది. ఇనుప ముక్కలను పడవ మీద తెచ్చి, నదిలో నిలిపిన కర్ర దూలాలతో ఎత్తడం అందులో కనిపిస్తుంది.

మీ దగ్గరికి వచ్చిన ఫొటోను అంచులతో పట్టుకోండి. టేపు అంటించకండి. పోస్టుకార్డయితే, ముద్రలో ఉన్న తేదీ అది పోస్టు చేసిన రోజుది, ఫొటో అంతకన్నా పాతది కావచ్చు. అందులో ఉన్నవాళ్ళను గుర్తుపట్టే పెద్దవాళ్ళు ఎవరైనా ఉంటే ఈ వారమే వెళ్ళి కూర్చోండి. వంతెన ఎవరు కట్టారని తర్వాత అడగొచ్చు, అది ఎక్కడో రాసే ఉంటుంది. పడవ నడిపిన మనిషి పేరు అడగండి. వంతెన తెరిచిన మర్నాడు ఆయన ఏం పనికి వెళ్ళాడో అడగండి. చెప్పింది చెప్పినట్టు ఫొటో వెనక, అంచు దగ్గర, మెత్తటి పెన్సిల్‌తో గట్టిగా నొక్కకుండా రాయండి.

ఆ పేరు దొరికితే నాకూ రాయండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య