హెచ్‌ఎస్‌పీ70 ఎక్కువుంటే ఎండను తట్టుకునే పశువేనా?

మే నెల మధ్యాహ్నం హైదరాబాద్ శివారు డెయిరీల్లో రేకుల షెడ్డు కింద హెచ్ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) సంకర ఆవు నోరు తెరిచి, చొంగ కారుస్తూ రొప్పుతుంటుంది. అదే షెడ్డులో ఒంగోలు ఆవు నింపాదిగా నెమరేస్తుంటుంది. వేడి తగిలినప్పుడు కణాలు తయారుచేసుకునే హీట్ షాక్ ప్రొటీన్లు (హెచ్‌ఎస్‌పీలు) కొలిస్తే వేడిని తట్టుకునే పశువును పట్టేయొచ్చన్న ఆశ ఇక్కడే పుడుతుంది. ఆ ఆశ పాతదే, కానీ లెక్క అంత సూటిగా లేదు.

1962లో ఇటలీ శాస్త్రవేత్త రిటోసా, డ్రోసోఫిలా ఈగ లార్వాల లాలాజల గ్రంథుల్లో, వేడి తగిలాక క్రోమోజోములు కొన్నిచోట్ల ఉబ్బడం గమనించాడు. అప్పుడు తయారయ్యే ప్రొటీన్లు 1974లో బయటపడ్డాయి. వేడికి మడత చెదిరిన ప్రొటీన్లను పట్టుకుని మళ్లీ సరిచేయడం వీటి పని. హెచ్‌ఎస్‌పీ70, హెచ్‌ఎస్‌పీ27 పేర్ల చివరి అంకెలు కిలోడాల్టన్లలో (అణువుల బరువు కొలమానం) వాటి బరువు.

పశువుల్లో చిక్కు 1994లోనే కనిపించింది. మూపురమున్న బ్రాహ్మన్, మూపురం లేని ఆంగస్ జాతుల తెల్ల రక్తకణాలను ల్యాబులో వేడిచేస్తే బ్రాహ్మన్ కణాలే ఎక్కువగా బతికాయి. హెచ్‌ఎస్‌పీ70 మోతాదులో మాత్రం జాతుల మధ్య తేడా తేలలేదు. మూపురం జాతులకు ఒంట్లో పుట్టే వేడి తక్కువ, చెమట రూపంలో పోయేది ఎక్కువ. ఒళ్లే కాగనప్పుడు ఈ ప్రొటీన్ పెరగాల్సిన అవసరమూ తక్కువే. కాబట్టి అంకె పెద్దదైతే రక్షణ బలంగా ఉందనీ అనుకోవచ్చు, పశువు అల్లాడుతోందనీ అనుకోవచ్చు.

మాంసం మెత్తదనం వైపు ఈ చర్చ 2000 తర్వాత మళ్లింది. హెచ్‌ఎస్‌పీ27 లాంటి చిన్న ప్రొటీన్లు కండ పోగులను కట్టి ఉంచే డెస్మిన్ అనే ప్రొటీన్‌ను అంటిపెట్టుకుంటాయి. దాంతో మాంసాన్ని మెత్తబరిచే కాల్పెయిన్ ఎంజైము దాన్ని కోయడం మందగిస్తుందని ఒక వాదన. 2007లో ఫ్రాన్స్‌లో షారొలే కోడెల మాంసంలో ఒక హీట్ షాక్ ప్రొటీన్‌కు చెందిన డీఎన్ఏజేఏ1 జన్యువు ఎంత చురుగ్గా ఉంటే మాంసం అంత గట్టిగా ఉన్నట్లు తేలింది. ఇతర హీట్ షాక్ ప్రొటీన్ల విషయంలో ఫలితాలు ఒక్కతీరుగా లేవు. మూపురం జాతుల మాంసం గట్టిదనానికి మాత్రం ప్రధాన కారణం కాల్పెయిన్‌ను అడ్డుకునే కాల్పాస్టాటినే.

హైదరాబాద్‌లో దీన్ని పరీక్షించాలంటే మరో ఇబ్బంది. 1977 చట్టం ఆవుల వధను నిషేధించింది, కనుక ఒంగోలు ఆవు కండ కావాలంటే మత్తిచ్చి బయాప్సీ సూదితో తీయాల్సిందే. అందుకే చాలామంది రక్తంతో సరిపెట్టుకుంటారు. రక్తకణాల అంకెను కండకు అంటగట్టడం మాత్రం తప్పు. కబేళాకు వచ్చే దున్నపోతుల నుంచి కండ నమూనా తీసేటప్పుడు జాగ్రత్తలివి: ఎండలో లారీ దిగిన పశువుకూ, రాత్రంతా నీడలో ఉన్నదానికీ పోలిక పెట్టకూడదు. అన్నిటికీ ఒకే కండ తీయాలి, ఎందుకంటే ఎర్ర కండలో ఈ ప్రొటీన్లు మామూలుగానే ఎక్కువ. ముక్కను నిమిషాల్లో మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో ముంచి, మైనస్ 80లో దాచాలి. ఆలస్యమైతే చిన్న హెచ్‌ఎస్‌పీలు కరగని భాగంలోకి చేరిపోతాయి. ముక్కను నూరి గిర్రున తిప్పాక పైన నిలిచే తేట ద్రవాన్నే కొలిస్తే అంకె తగ్గి కనిపిస్తుంది.