తాతమ్మ గడి

మాంబళం, చెన్నై

చిరంజీవులు బుజ్జికి, చిన్నూకి తాతయ్య దీవెనలు.

బడిలో వంశవృక్షం కాగితం ఇచ్చారనీ, తాతమ్మ పేరు పక్కన "ఉద్యోగం" అన్న గడిలో ఏం రాయాలనీ అడిగారు కదా. "ఏమీ లేదు" అని మాత్రం రాయకండి. ముందు వంటింట్లోకెళ్లి గ్రైండరు చూడండి. తాతమ్మ కాలంలో ఆ పని చేత్తో రుబ్బురోట్లో చేసేవాళ్లు.

నాలుగు గ్లాసుల ఇడ్లీబియ్యం, గ్లాసు మినపగుళ్లు విడివిడిగా నాలుగు గంటలు నానాలి. రుబ్బురోట్లో ముందు పప్పు వెయ్యాలి. ఒక చేత్తో పొత్రం తిప్పుతూ, రెండో చేత్తో పిండిని గుంటలోకి తోస్తూ ఉండాలి. నీళ్లు ఒక్కసారే పోస్తే పప్పు జారుతుంది తప్ప పొంగదు, చిలకరించుకుంటూ పోవాలి. చిటికెడు పిండి నీళ్లలో వేస్తే తేలాలి. ఆ తరవాత బియ్యం, కాస్త రవ్వగా. రాయి అరిగి నునుపెక్కితే ఉలితో గంట్లు పెట్టించాలి, లేకపోతే ఎంత తిప్పినా నలగదు. గంటకు పైనే పని, మధ్యలో చెయ్యి తీయడానికి లేదు. గ్రైండరూ అరగంట తిరుగుతుంది కానీ, మనిషిని పక్కన కట్టెయ్యదు.

ఇప్పుడు చదువును బియ్యమనుకోండి, ఆస్తిని మినప్పప్పనుకోండి. ఒట్టి బియ్యం రుబ్బితే ఇడ్లీ రాయే. 1921లో మద్రాసు శాసనమండలి ఆడవాళ్లకు ఓటిచ్చింది. బ్రిటిషు ఇండియా రాష్ట్రాల్లో మొదట ఇచ్చింది మనదే. అయితే ఆస్తో పన్నో ఉన్నవాళ్లకే ఓటు. పొలం కాగితాల్లో ఆడపేరు ఎన్ని ఇళ్లలో ఉండేదీ? ఉమ్మడి ఆస్తిలో కూతురికి పుట్టుకతో వాటా ఆంధ్రలో 1986లో, తమిళనాడులో 1989లో వచ్చింది. రెండుచోట్లా అప్పటికే పెళ్లయినవాళ్లకు వర్తించలేదు. ఒకే ఇంట్లో అక్కకు లేదు, చెల్లెలికి ఉంది! ఆ తేడా పోయింది 2005లో, దేశమంతటికీ చట్టం మారినప్పుడు.

రుబ్బగానే సరా, పిండి పులవాలి. మే నెలలో ఆరేడు గంటల్లో పొంగేది, మార్గశిరంలో తెల్లారినా కదలదు. ఇళ్లూ అంతే. వాటా వదులుకున్నట్టు అన్నదమ్ములు కాగితం చాపితే మారుమాట్లాడకుండా సంతకం పెట్టేసే ఆడపడుచులు ఇప్పటికీ ఉన్నారు. సరే, పోలిక పప్పెక్కువైన పిండిలా సాగుతోంది.

బియ్యం సంగతి, అంటే చదువు సంగతి మిగిలింది. ఇక్కడే పుట్టిన తెలుగమ్మాయి అయ్యలసోమయాజుల లలిత. పదిహేనేళ్లకు పెళ్లి. పద్దెనిమిదేళ్లకు భర్త పోయాడు, ఒళ్లో నాలుగు నెలల పాప. ఆవిడ గిండీ ఇంజనీరింగు కాలేజీలో చేరి 1943లో ఎలక్ట్రికల్ డిగ్రీ తీసుకుంది. తరవాత భాక్రానంగల్ ఆనకట్ట కరెంటు పనులు కూడా చేసింది. పట్టాలో మొదటినుంచీ "అతడు" అనే అచ్చయి ఉండేది. లలితకూ, ఆవిడతో చదివిన ఇద్దరమ్మాయిలకూ అది కొట్టేసి "ఆమె" అని రాసివ్వాల్సి వచ్చింది.

మీరూ ఆ పనే చెయ్యండి. కాగితంలో "ఉద్యోగం" కొట్టేసి "పని" అని రాయండి. నాయనమ్మను కూచోబెట్టి తాతమ్మ తెల్లారుజాము నుంచి ఏమేం చేసేదో, దేనికెంతసేపు పట్టేదో అడిగి నింపండి. గడి చాలకపోతే కాగితం వెనక్కి తిప్పండి.

ఇట్లు
తాతయ్య