చుక్క మీద చుక్క పెడితే కోడ్ చక్కనైపోదు: ఫ్లూయెంట్ ఇంటర్‌ఫేస్ అపోహలు - వాస్తవాలు

ఒక మెథడ్ కాల్ వెనకే చుక్క పెట్టి ఇంకో కాల్, దాని వెనక ఇంకోటి, ఇలా గొలుసుగా రాసేలా, వాక్యంలా చదివించేలా కోడ్ తయారుచేస్తే అది ఫ్లూయెంట్ ఇంటర్‌ఫేస్.

అపోహ: గొలుసుగా రాసిన కోడ్ ఇట్టే అర్థమవుతుంది.

వాస్తవం: చదవడం వేరు, తప్పు పట్టుకోవడం వేరు. మన నెల్లూరులో వడ్లు పుట్టి లెక్కన కొంటారు, పుట్టికి 850 కిలోలు. జావాలో బిగ్‌డెసిమల్‌తో (దశాంశాలను కచ్చితంగా లెక్కించే క్లాసు) బిల్లు ఇలా రాశారనుకోండి:

తూకం.భాగించు(పుట్టి).గుణించు(ధర).తీసివేయి(హమాలీ)

ముద్దుగానే ఉంది. 10,200 కిలోలతో టెస్ట్ చేస్తే సరిగ్గా 12 పుట్లు, ఏ గొడవా లేదు. కాటా మీద 10,000 పడిందంటే మాత్రం 11.7647... అంటూ ఎక్కడా తెగదు. ఎన్ని దశాంశాల దగ్గర సవరించాలో (రౌండింగ్) చెప్పలేదు కాబట్టి అరిథ్‌మెటిక్ ఎక్సెప్షన్ అనే ఎర్రర్ వస్తుంది. సరే, మూడు దశాంశాలకి సవరించారు: 11.765. పుట్టి ధర 20,000 అయితే సరుకు విలువ 2,35,300. అదే ముందు గుణించి, తర్వాత భాగించి, పైసల దగ్గర సవరిస్తే 2,35,294.12. ఈ 5.88 రూపాయల తేడా ఎక్కడ పుట్టిందో గొలుసులో కనబడదు. సరుకు_విలువ, చెల్లింపు అని రెండు లైన్లుగా విడగొడితే డీబగ్గర్‌లో (కోడ్‌ను లైను లైనుగా నడిపి చూసే టూల్) రెండు అంకెలూ కళ్లెదుటే ఉంటాయి. డబ్బు లెక్కల్లో గొలుసు వద్దే వద్దు.

అపోహ: చుక్కలు వరుసగా ఉంటే అది ఫ్లూయెంటే.

వాస్తవం: 2005లో సాఫ్ట్‌వేర్ రచయిత మార్టిన్ ఫౌలర్ ఈ పేరు గురించి రాసినప్పుడు ఉద్దేశం వాక్యంలా చదివించే ఏపీఐ (ఇతర కోడ్ పిలుచుకునే మెథడ్ల కూర్పు). బిల్లు.రైతు().చిరునామా().మండలం() అలాంటిది కాదు, ఒక ఆబ్జెక్ట్ కడుపులోంచి ఇంకోదాన్ని లాగడం. చిరునామా నల్ (ఖాళీ) అయితే అక్కడే పడిపోతుంది. ఏది నల్ అయిందో జావా 15 నుంచి మెసేజే చెబుతోంది. పాత వెర్షన్లలో లైన్ నంబరే దిక్కు, అంతా ఒకే లైన్లో రాసుంటే ఊహించుకోవాల్సిందే.

అపోహ: గొలుసు నెమ్మది.

వాస్తవం: ఒక్క డేటాబేస్ కాల్ ముందు అది లెక్కలోకే రాదు.

అపోహ: సెట్టర్లన్నీ (ఫీల్డ్‌లో విలువ పెట్టే మెథడ్లు) దిస్, అంటే ఆ ఆబ్జెక్టునే, తిరిగిస్తే పని అయిపోయినట్టే.

వాస్తవం: క్లాసులో ఏ ఫీల్డులున్నాయో వెతికిపెట్టే జావా ఇంట్రోస్పెక్టర్ వాయిడ్ (ఏమీ తిరిగివ్వని) సెట్టర్లనే గుర్తిస్తుంది. దిస్ తిరిగిచ్చేదాన్ని వదిలేస్తుంది, దాని మీద ఆధారపడ్డ టూల్స్ ఆ ఫీల్డ్ నింపవు, ఎర్రర్ కూడా రాకపోవచ్చు. అందుకే క్లాసును అలాగే ఉంచి పక్కన బిల్డర్ (వివరాలు ఒక్కొక్కటిగా తీసుకుని, చివర బిల్డ్ అని పిలిస్తే ఆబ్జెక్ట్ తయారుచేసే క్లాసు) రాయండి. తేమ శాతం, గోనె సంచుల తరుగు, అడ్వాన్స్ లాంటి ఐచ్ఛిక వివరాలు ఐదారు ఉన్నచోట గొలుసు నిజంగా పనికొస్తుంది: ఏ అంకె దేనిదో పేరుతో సహా కనబడుతుంది. తూకం, ధర లాంటి తప్పనిసరివి బిల్డర్ కన్‌స్ట్రక్టర్‌లోనే అడగండి. చివర బిల్డ్ మరిచిపోతే కంపైలర్ చాలాసార్లు నోరెత్తదు, బిల్లు మాత్రం తయారవదు.