రోడ్డు భద్రత డేటా పోటీలు: మన పిల్లల్లో తిరిగే అపోహలు, అసలు సంగతులు

విశాఖలో ట్రాఫిక్ డేటా మీద పనిచేస్తాను. విద్యార్థి పోటీలకు వెళ్లే టీములకు గైడుగా ఉంటాను, అప్పుడప్పుడు జడ్జిగానూ కూర్చుంటాను. జనం రోజూ నడిపే బళ్లకు కెమెరా, జీపీఎస్, సెన్సర్లు బిగించి తీసిన డేటాను పిల్లల చేతికిచ్చి, రోడ్డు మీద ప్రాణాలు కాపాడే సంగతి ఒక్కటి తేల్చమంటారు ఈ పోటీల్లో. ఏ కాలేజీ నుంచి వచ్చినా మొదట ఈ మాటలే వినబడతాయి.

అపోహ: డేటా కొండంత ఉంది, ప్రమాదాలు బోలెడు దొరుకుతాయి.

ఈ రంగంలో అందరూ చెప్పుకునే పెద్ద డేటా అమెరికాలోని ఎస్‌హెచ్‌ఆర్‌పీ-2. 2010 నుంచి 2013 దాకా ఆరు ప్రాంతాల్లో మూడు వేల మందికి పైగా డ్రైవర్ల సొంత బళ్లకే పరికరాలు పెట్టారు. 5 కోట్ల కిలోమీటర్లు దాటిన డ్రైవింగ్ అది. అందులో ప్రమాదాలు రెండు వేలకు అటూ ఇటూ. వాటిలోనూ టైరు ఫుట్‌పాత్ అంచుకు రాసుకున్న బాపతు తక్కువేం కాదు. అందుకే తృటిలో తప్పిన ప్రమాదాలను కూడా లెక్కలోకి తెచ్చుకుంటారు. ఇలాంటి వాటిని సెన్సర్ అనుమానిస్తుంది, ఖాయం చేసేది మాత్రం వీడియో చూసే మనిషే. వందల క్లిప్పులు కూర్చుని చూడటం విసుగు పని. ఆ విసుగు పని చేసిన టీమును రెండు ప్రశ్నల్లోనే గుర్తుపట్టొచ్చు.

అపోహ: సడెన్ బ్రేకు ఎక్కడ ఎక్కువ పడితే అక్కడే ప్రమాదం.

నగరం మ్యాపు మీద ఎర్రచుక్కలు పెట్టి తెచ్చే టీములు ఏటా ఉంటాయి. మద్దిలపాలెం, హనుమంతవాక, ఎన్‌ఏడీ, గాజువాక జంక్షన్లు ఎర్రగా మెరుస్తుంటాయి. సిగ్నల్ ఉన్నచోట, జనం ఉన్నచోట బ్రేకులు పడక ఏం చేస్తాయి? ఆ జంక్షన్ మీదుగా మీ బళ్లు ఎన్నిసార్లు వెళ్లాయో చెప్పకుండా చుక్కలు లెక్కపెడితే, తేలేది రద్దీ ఎక్కడుందన్నదే. దీనికి తిరగేసి ఇంకో సంగతి ఉంది. ఆనందపురం దాటాక హైవే మీద రాత్రిపూట లైట్లు లేకుండా ఆపిన లారీని డ్రైవరు చూడనే లేదనుకోండి, బ్రేకు వేసే ప్రశ్నే రాదు. అన్నిటికంటే ఘోరమైన చోటు మీ మ్యాపులో తెల్లగా కనబడొచ్చు.

సెన్సర్ సంగతి కూడా చూడాలి. సింహాచలం ఘాట్ రోడ్డు దిగుతున్న కారు డ్యాష్‌బోర్డుకు ఫోను బిగించారనుకోండి. 5 శాతం వాలు ఉన్న చోట, కారు ఒకే వేగంతో పోతున్నా, వేగం మార్పును కొలిచే ఫోను సెన్సర్‌లో ముందు దిక్కు అంకె సెకనుకు సెకనుకు 0.5 మీటరు చొప్పున వేగం తగ్గుతున్నట్టు చూపిస్తుంది. అది భూమ్యాకర్షణ పని. అక్కడ 2.5 బ్రేకు 3 బ్రేకుగా నమోదవుతుంది. మీరు 3 దాటితే ప్రమాద సూచన అని గీత గీసుకుంటే, దిగేవాళ్లంతా దూకుడు మనుషులు, ఎక్కేవాళ్లంతా బుద్ధిమంతులు అని తేలుతుంది! ఫోను స్టాండు కాస్త జారినా ఇదే తంతు. ఇక జీపీఎస్ సెకనుకు ఒక్కసారే చోటు రాస్తే, 60 కిలోమీటర్ల వేగంలో రెండు చుక్కల మధ్య దాదాపు 17 మీటర్లు. ఆ సందులో ఆటో అడ్డం రావడం, తప్పించుకోవడం రెండూ అయిపోతాయి.

అపోహ: మా మోడల్ 99 శాతం కరెక్టు.

మోడల్ అంటే డేటా చూసి ప్రమాద క్షణాలను గుర్తుపట్టడం నేర్చుకునే ప్రోగ్రాం. డ్రైవింగ్ డేటాను కోసిన నూరు ముక్కల్లో ఒక్కటే ప్రమాదానికి దగ్గరగా వచ్చినదైతే, "ఏమీ జరగలేదు" అని కళ్లు మూసుకుని చెప్పినా 99 వస్తుంది. అసలైన ప్రమాద క్షణాల్లో ఎన్నిటిని పట్టారు, ఉత్తినే ఎన్నిసార్లు గంట కొట్టారు, అవి చెప్పండి. ఇంకో లొసుగు ఇంతకంటే మోసకారి. ఒకే డ్రైవర్ ట్రిప్పుల్లో కొన్ని మోడల్‌కు నేర్పడానికీ కొన్ని పరీక్షకూ వెళ్లాయంటే, మోడల్ ఆ మనిషి అలవాట్లు, ఆ బండి వణుకు బట్టీ పట్టేస్తుంది. ప్రమాదం గురించి దానికేమీ తెలియదు. డేటాను డ్రైవర్ల వారీగా విడగొట్టాలి: నేర్పిన డ్రైవరు పరీక్షలో కనబడకూడదు. ఈ ఒక్క మార్పుతో అంకె దిగిపోతే కంగారు పడకండి, దిగిన అంకెనే పోస్టరు మీద పెట్టండి. జడ్జిగా నేను దానికే మార్కులేస్తాను.

అపోహ: తొంభై పైచిలుకు శాతం తప్పు డ్రైవర్‌దే అని ఎప్పుడో తేలిపోయింది.

ప్రతి ప్రజెంటేషన్‌లో మొదటి స్లైడు ఇదే. ఆ 94 శాతం అంకె అమెరికా రవాణా భద్రత సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ 2015లో ఇచ్చిన చిన్న నివేదికలోది. ప్రమాదానికి ముందు జరిగిన వరుసలో చివరి మెట్టు డ్రైవర్ దగ్గర పడిందని దాని భావం. దీన్ని ప్రమాద కారణంగా గానీ తప్పు ఎవరిదన్న తీర్పుగా గానీ తీసుకోవద్దని ఆ నివేదికలోనే రాసి ఉంది. ఎవరూ అక్కడిదాకా చదవరు. మన దగ్గరా అంతే. 2022లో దేశంలో 1,68,491 మంది రోడ్డు ప్రమాదాల్లో చనిపోయారు. కేంద్ర రవాణా శాఖ నివేదిక వీటిలో 71.2 శాతం మరణాలను మితిమీరిన వేగం ఖాతాలో వేసింది. ఆ ఖాతా పోలీసు రికార్డుల నుంచి వస్తుంది. డివైడరు మధ్య జనం చేసుకున్న సందు, వెలగని వీధి దీపం, మలుపులో కనుచూపు ఆపే ఫ్లెక్సీ ఆ గడిలో ఎక్కవు. బండిలోంచి ముందుకు చూసే కెమెరాకు అవన్నీ కనబడతాయి. మన పిల్లలు పనికొచ్చేది ఏదైనా చేయగలరంటే ఇక్కడే. కానీ కెమెరాను డ్రైవర్ ముఖం మీదికే తిప్పుతారు.

అపోహ: అమెరికా డేటా మనకు పనికిరాదు.

సగం నిజం. అక్కడి ఫలితాన్ని ఎత్తుకొచ్చి గాజువాక రోడ్డుకు తొడిగితే నేల విడిచి సామే. ఎస్‌హెచ్‌ఆర్‌పీ-2లో ఉన్నవి కార్లు, వ్యాన్లు, చిన్న ట్రక్కులు. మన దగ్గర 2022లో చనిపోయినవాళ్లలో 44.5 శాతం టూవీలర్ల మీద ఉన్నవాళ్లు, 19.5 శాతం నడిచి వెళ్లేవాళ్లు. మనకు కావలసింది అక్కడి పద్ధతి: ప్రమాద క్షణాన్ని మామూలు డ్రైవింగ్ క్షణాలతో పక్కపక్కన పెట్టి పోల్చే తీరు. మన రోడ్ల బొమ్మలు కావాలంటే ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ వాళ్ల ఇండియన్ డ్రైవింగ్ డేటాసెట్ ఉంది. హైదరాబాద్, బెంగళూరు, వాటి శివార్లలో తీసిన 10,000 ఫొటోలు, ఏది ఆటో, ఏది మనిషి అని 34 రకాలుగా గుర్తులు పెట్టినవి. ఆటోను ఆటోగా గుర్తుపట్టడానికి అది బాగా పనికొస్తుంది. డ్రైవర్ ఎందుకలా చేశాడో మాత్రం ఫొటోలు చెప్పవు.

అపోహ: పేర్లు తీసేశాం, ఇక గోప్యత సమస్య లేదు.

ట్రిప్పు రోజూ ఉదయం ఎండాడలో ఒకే గుమ్మం ముందు మొదలై, సాయంత్రం అక్కడికే తిరిగొస్తే పేరెందుకు? మొదటి, చివరి కొన్ని వందల మీటర్లు కత్తిరించి పంచుకోండి. ఎస్‌హెచ్‌ఆర్‌పీ-2లోనైతే డ్రైవర్ ముఖం వీడియో ఎవరికీ పంపరు, కాపలా ఉన్న గదికి వెళ్లి చూడాల్సిందే. మనకూ 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. మీ బాబాయి ట్యాక్సీయే కదా అని సంతకం లేకుండా కెమెరా పెట్టకండి.

కంప్యూటర్ సైన్సు వాళ్లకే ఇది సాధ్యమన్న భయం కూడా ఉంది. సివిల్ వాళ్లు ఒక్కరు లేని టీము జంక్షన్ జ్యామితిని చూడదు, అంతే చెబుతాను.

అపోహ: కొత్త డేటా కావాలంటే బళ్లకు పరికరాలు కొనాలి.

అక్కర్లేదు. పోలీసువాళ్ల అనుమతి తీసుకుని ఫుట్ ఓవర్ బ్రిడ్జి మీద ఒక ఫోను కదలకుండా నిలబెట్టండి. రోడ్డు దాటే మనిషి అడుగు పడిన చోటు ఎంచుకోండి. ఆ మనిషి అక్కడినుంచి తప్పుకున్న క్షణానికీ, బండి అదే చోటికి వచ్చిన క్షణానికీ తేడా సెకన్లలో కొలవండి. సగం సెకను వచ్చిందంటే ప్రాణం మీదికొచ్చి పోయినట్టే. ఉదయం బడి వేళ, సాయంత్రం షిఫ్టు వదిలే వేళ, రాత్రి పోర్టు లారీలు కదిలే వేళ విడివిడిగా తీయండి. ఏ వేళ ఎంతమంది దాటారో కూడా ఆ పట్టికలోనే రాసుకోండి. టీములో ఎవరినీ వీడియో కోసం బండ్ల ముందు నుంచి దాటమనకండి. అలా తీసిన క్లిప్ నా టేబుల్ మీదికొస్తే ఆ టీమును అప్పటికప్పుడే పక్కన పెడతాను.