బొమ్మలు గీయని 'అంకుల్ పై'

బల్లార్పూర్ (చంద్రపూర్ జిల్లా, మహారాష్ట్ర)

చిరంజీవులైన మన రీడింగ్ రూమ్ పిల్లలందరికీ తాత ఆశీస్సులు.

మొన్న ఆదివారం మీలో ఒకరు పురాణాలూ చరిత్రా బొమ్మల్లో చెప్పే అమర్ చిత్రకథ పుస్తకం తెరిచి, లోపల ఉన్న 'అనంత్ పై' అన్న పేరు మీద వేలు పెట్టి, "ఈ బొమ్మలన్నీ ఈయనే వేశారా తాతా?" అని అడిగారు. తలుపులు వేసే టైమైంది కాబట్టి "కాదురా" అని మాత్రం అన్నాను. అది ఒక్క ముక్కతో తేలే సంగతి కాదు. అందుకే కూర్చుని ఈ ఉత్తరం రాస్తున్నాను. పెద్దవాళ్లు చదివి చిన్నవాళ్లకు వినిపించండి.

అనంత్ పై బొమ్మలు వేసేవారు కాదు. ఆయన ఎడిటర్. కృష్ణుడి పుస్తకానికి కథ రాసింది ఆయనే, బొమ్మలు వేసింది మాత్రం రామ్ వాయీర్కర్. మీరాబాయి బొమ్మలు యూసుఫ్ లియెన్ గారివి. ఎవరితో ఏ కథ రాయించాలి, ఎవరితో బొమ్మ వేయించాలి, పదేళ్ల పిల్లకు ఏ మాట అర్థమవుతుంది, ఏ మాట అర్థం కాదు, ఇవన్నీ చూసుకోవడం ఎడిటర్ పని. బయటికి కనిపించని పని. అయినా దేశమంతా పిల్లలు ఆయన్నే 'అంకుల్ పై' అని పిలుచుకున్నారు. నాకు ఆ మనిషి మీద ఉన్న గౌరవమంతా ఇక్కడే ఉంది. బొమ్మ వేయడం రాదని ఊరుకోలేదు, వచ్చినవాళ్లందరినీ ఒకచోట చేర్చారు.

ఆయన 1929 సెప్టెంబర్ 17న కార్కళలో పుట్టారు. ఇప్పుడది కర్ణాటకలో ఉంది. రెండేళ్లకే తల్లినీ తండ్రినీ పోగొట్టుకున్నారు. పన్నెండో ఏట బొంబాయి చేరారు. ఇంటి భాష కొంకణి, ఊళ్లో వినబడేవి తుళు, కన్నడ, వచ్చి పడింది మరాఠీ, హిందీ మాట్లాడే మహానగరంలో. ఇంట్లో తెలుగు, బళ్లో మరాఠీ, బజార్లో హిందీ మాట్లాడే మీకు ఆ పిల్లవాడి పరిస్థితి నేను వివరించక్కర్లేదు.

చదివింది కెమికల్ టెక్నాలజీ. మనసేమో పుస్తకాల మీద. 1954లో 'మానవ్' అని పిల్లల పత్రిక పెడితే అది నిలబడలేదు. తర్వాత టైమ్స్ ఆఫ్ ఇండియా వాళ్ల దగ్గర ఉద్యోగంలో చేరారు. 1964లో ఆ సంస్థ ఇంద్రజాల్ కామిక్స్ మొదలుపెట్టింది. ముసుగు వేసుకుని అడవిలో తిరిగే ఫాంటమ్ కథలు అందులోనే వచ్చేవి. కామిక్స్ వ్యాపారం ఎలా నడుస్తుందో ఆయనకు అక్కడే పట్టుబడింది.

ఇక 1967. అప్పటికి మన దేశంలో టీవీ అంటే ఢిల్లీలో మాత్రమే. ఆ ఏడాది ఢిల్లీ వెళ్లినప్పుడు ఆయన టీవీలో ఒక క్విజ్ కార్యక్రమం చూశారు. గ్రీకు దేవతల గురించి అడిగితే పిల్లలు టకటకా చెప్పేశారట. రాముడి తల్లి ఎవరని అడిగితే నోరు మెదపలేదట. ఆ మాట ఆయన్ని పట్టుకుని వదల్లేదు. మన కథలు మన పిల్లలకు బొమ్మల్లో చెప్పాలని పట్టుబట్టి, ఇండియా బుక్ హౌస్ అనే ప్రచురణ సంస్థను ఒప్పించారు. మీకొక తమాషా చెప్తాను. అమర్ చిత్రకథ పేరుతో కన్నడంలో వచ్చిన మొదటి పది పుస్తకాలు సిండ్రెల్లా వంటి విదేశీ కథలు. పదకొండో నంబరు కృష్ణుడు.

ఆ రోజుల్లో కామిక్స్ అంటే చదువు పాడుచేసే వస్తువని చాలామంది పెద్దల అభిప్రాయం. సంచీలో కామిక్స్ దొరికితే చెవి మెలేసే మాస్టార్లు నాకూ తెలుసు. అంకుల్ పై బళ్లకు వెళ్లి ఆ మాస్టార్లతోనే మాట్లాడి, ఇవి పాఠానికి సాయం చేస్తాయని నచ్చజెప్పారు. నాలుగు వందలకు పైగా పుస్తకాలు, ఇరవై దాకా భాషలు: ఆ బండి అంత దూరం నడిచిందంటే పిల్లలతో పాటు బళ్లు కూడా వాటిని లోపలికి రానిచ్చాయి కాబట్టే.

ఇన్ని భాషల్లో ఎలా వేశారని మీరు అడుగుతారు. బొమ్మల పుస్తకాన్ని పలు భాషల్లో వేసేటప్పుడు బొమ్మను మళ్లీ గీయరు. రంగులు అవే ఉంటాయి, నల్ల అక్షరాలు మాత్రం మారతాయి. చిక్కంతా మాటల బుడగతోనే. బుడగ పెద్దది చేయడానికి వీల్లేదు. ఒక భాషలో రెండు ముక్కల్లో అయిపోయే మాట ఇంకో భాషలో నాలుగు ముక్కలవుతుంది. అనువదించేవారు కోసి, కుదించి, ఆ బుడగలోనే పట్టించాలి. ఒకే పుస్తకం రెండు భాషల్లో దొరికితే పక్కపక్కన పెట్టి చూడండి, ఒకదాంట్లో అక్షరాలు బుడగ అంచుకు ఒరుసుకుంటూ ఉంటాయి.

మన చంద్రపూర్‌కు సంబంధించిన మాట ఒకటి. 1956 అక్టోబర్‌లో నాగపూర్‌లో తాను బౌద్ధం స్వీకరించిన తర్వాత, 16వ తేదీన బాబాసాహెబ్ అంబేద్కర్ చంద్రపూర్ వచ్చి వేలమందికి బౌద్ధ దీక్ష ఇచ్చారు. అక్కడి దీక్షాభూమి మీరు చూసే ఉంటారు. ఆయన జీవితాన్ని అమర్ చిత్రకథ 1979లో పుస్తకంగా తెచ్చింది. మొగలు సైన్యాన్ని ఎదిరించి 1564లో యుద్ధభూమిలో ప్రాణమిచ్చిన గోండు రాజ్యపు రాణి దుర్గావతి కథ కూడా వచ్చింది. గోండు రాజులు ఏలిన నేల మీద, ఆ కోటగోడల పక్కనుంచి ట్యూషన్‌కు వెళ్లే మీరు ఈ రెండూ తప్పకుండా చదవాలని నా కోరిక.

ఇంత మెచ్చుకుంటున్నానని ఆ పుస్తకాల్లో లోపాలు లేవనుకోకండి. పాత పుస్తకాలు కొన్ని తీసి చూడండి. మంచివాళ్లంతా తెల్లగా, నీలంగా, నాజూగ్గా ఉంటారు. రాక్షసులు నల్లగా, బండగా ఉంటారు. ఆడవాళ్ల పేరున ఉన్న పుస్తకాలు మగవాళ్లవాటికంటే చాలా తక్కువ. చదువుకున్నవాళ్లు ఈ మాట ఎన్నాళ్ల నుంచో అంటున్నారు, అది న్యాయమైన మాట. మన వాడలో ఎండకు కందిన నల్లటి ముఖాలే ఎక్కువ. ఆ బొమ్మ చూసి మీలో ఏ పిల్లా 'నా రంగు రాక్షసుల రంగు' అనుకోకూడదు. పుస్తకాన్ని ప్రేమిస్తూనే అందులో తప్పును తప్పు అనవచ్చు.

1980 నవంబర్‌లో 'టింకిల్' పత్రిక వచ్చింది. ఇందులో సుప్పండి మీకు తెలుసు: కోసుగా ఉండే తల, నెత్తిన పిలక. యజమాని చెప్పిన మాటను అక్షరం పొల్లుపోకుండా పాటించి కొంప ముంచుతాడు. ఆ సుప్పండిని ఆఫీసులో కూర్చుని ఎవరూ కల్పించలేదు. తమిళనాడులోని తిరుచ్చి నుంచి ఒక పాఠకుడు పంపిన కథల్లోంచి 1983లో పుట్టాడు. ఆ ముఖానికి రూపం ఇచ్చింది మళ్లీ వాయీర్కర్ గారే. అదే ఏడాది వచ్చిన శికారీ శంభు టోపీ కళ్ల మీదికి దిగే ఉంటుంది, అతని కళ్లు మనకు కనబడవు.

పిల్లలు రాసిన ఉత్తరాలకు అంకుల్ పై జవాబులు రాసేవారు. ఆయనకూ ఆయన భార్య లలిత గారికీ సొంత పిల్లలు లేరు. 2011 ఫిబ్రవరి 19న ఢిల్లీలో కామిక్స్ అభిమానులంతా కలిసే పండుగ, మన దేశపు మొదటి 'కామిక్ కాన్'లో ఆయన్ని జీవిత సాఫల్య పురస్కారంతో సత్కరించారు. ఐదు రోజులకే, 24న, ముంబయిలో గుండెపోటుతో కన్నుమూశారు.

ఇప్పుడు మీతో ఒక పని. మీ నానమ్మలు, అమ్మమ్మలు కరీంనగర్, ఆదిలాబాద్ వైపు నుంచి తెచ్చుకున్న కథలు ఏ పుస్తకంలోనూ లేవు. వచ్చే ఆదివారానికి తలా ఒకటి అడిగి రాసుకురండి. తెలుగు రాయడం రానివాళ్లు మరాఠీ అక్షరాల్లో రాసినా పర్వాలేదు, నేను చదువుకుంటాను. బొమ్మలు వచ్చినవాళ్లు బొమ్మలు వేయండి, దస్తూరి బాగున్నవాళ్లు బుడగలు నింపండి, రెండూ రానివాళ్లు ఏ గడిలో ఏం రావాలో చెప్పండి. తెల్ల కాగితాలు, స్కెచ్ పెన్నులు నేను తెస్తాను. గడులు ముందే స్కేలుతో గీసుకోండి, బుడగకు పైన చోటు వదలడం మరిచిపోవద్దు.

మీ తాత