రెండేసి సిలిండర్లకు ఒక్క ద్వారం: ఎంజీబీ వణుకు, కార్బ్యురేటర్ ఎంపిక

పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఎంజీబీ స్లోలో (యాక్సిలరేటర్ తొక్కనప్పుడు) వణికినా, పికప్‌లో తడబడినా నింద ముందుగా జంట ఎస్‌యూ కార్బ్యురేటర్ల (పెట్రోలును గాలితో కలిపే పరికరాల) మీద పడుతుంది. పీకేసి వెబర్ అనే మరో రకం కార్బ్యురేటర్ పెట్టించమంటారు. ఆగండి. ఈ 1798 సీసీ ఇంజను తన జబ్బు ఎక్కడుందో తానే చెబుతుంది.

కీలకమంతా సిలిండర్ హెడ్‌లో ఉంది. నాలుగు సిలిండర్లకూ మిశ్రమం వెళ్లే ద్వారాలు రెండే: 1, 2లకు ముందు కార్బ్యురేటర్ నుంచి ఒకటి, 3, 4లకు వెనకదాన్నుంచి ఒకటి. మన అంబాసిడర్‌ను చాలాకాలం నడిపిన 1489 సీసీ ఇంజనుదీ ఇదే బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) బీ-సిరీస్ కుటుంబం. ఫైరింగ్ వరుస (సిలిండర్లు మండే క్రమం) 1-3-4-2. అంటే 2 పీల్చడం మొదలెట్టాక క్రాంకు అరచుట్టు తిరిగేసరికి 1 అందుకుంటుంది. మళ్లీ 2 వంతు రావడానికి ఒకటిన్నర చుట్లు పడుతుంది. ఒకే పిల్లకాలువ మీద రెండు చేలున్నట్టే: వెంటవెంటనే పారించుకుంటే ఇద్దరికీ ఒకేలా అందదు. స్లోలో ఈ ఇంజను కాస్త కదలడం సహజమే.

ఈ అమరికే పరీక్షకు పనికొస్తుంది. ఇంజను ఆపి, ఒక ప్లగ్ వైరు తీసి ఎర్త్ చేసి, స్టార్ట్ చేసి వినండి. ఏ వైరు తీసినప్పుడు వేగం తగ్గదో ఆ సిలిండర్ పనిచేయడం లేదు. ఒక్కటే చచ్చుబడితే ప్లగ్, వైరు, వాల్వు చూడాలి. 1, 2 రెండూ బలహీనమైతే ముందు కార్బ్యురేటర్, దాని గ్యాస్కెట్, అరిగిన థ్రాటిల్ స్పిండిల్ (గాలి తలుపు తిరిగే ఇరుసు) దగ్గర గాలి లీకు అనుమానించాలి. కానీ ముందు కంప్రెషన్ కొలవండి: పక్కపక్క సిలిండర్లు రెండింట్లో తక్కువుంటే హెడ్ గ్యాస్కెట్ వాటి మధ్య పోయి ఉండవచ్చు. నాలుగూ మిస్ కొడితే పాయింట్లు (ఇగ్నిషన్ కరెంటును తెంచే స్విచ్చు), టైమింగ్, పెట్రోలు సరఫరా.

కార్బ్యురేటర్ స్క్రూ ముట్టుకునేముందే ఇవి సరిచేయాలి: 1960ల బండ్లలో ట్యాపెట్ (వాల్వును కదిపే భాగం) సందు 0.38 మి.మీ., ప్లగ్ గ్యాప్ 0.635 మి.మీ., పాయింట్లు 0.36 నుంచి 0.41 మి.మీ. ఇది వదిలేసి జెట్టు (పెట్రోలు వచ్చే సన్న గొట్టం) తిప్పితే రోగం దాక్కుంటుందే గాని పోదు.

ఇక ఎస్‌యూ. ఇందులో పిస్టన్ గాలి ప్రవాహాన్ని బట్టి తానే లేస్తూ దారిని వెడల్పు చేస్తుంది. అందువల్ల జెట్టు మీద పీల్పు దాదాపు స్థిరంగా ఉంటుంది. సన్నబడుతూ వచ్చే సూది పెట్రోలు కొలుస్తుంది. ఎంత అందమైన ఏర్పాటు! ఇంజను వేడెక్కాక పిస్టన్‌ను 0.8 మి.మీ. ఎత్తండి. వేగం పెరిగి అలాగే నిలిస్తే రిచ్ (పెట్రోలు ఎక్కువ). క్షణం పెరిగి సర్దుకుంటే సరి. వెంటనే పడిపోతే లీన్ (పెట్రోలు తక్కువ). జెట్టు కింది నట్టును ఒక్కో పలక చొప్పునే తిప్పాలి, కిందికి దింపితే రిచ్. పికప్‌లో మాత్రమే తడబడితే డ్యాంపర్‌లో (పిస్టన్ లేవడాన్ని నెమ్మదింపజేసే భాగంలో) ఆయిల్ చూడండి. 20 గ్రేడు చాలు. ఆయిల్ లేకపోతే పిస్టన్ ఒక్కసారిగా లేచి మిశ్రమం లీన్ అవుతుంది.

వెబర్ 45 డీసీఓఈ గొప్పతనం సిలిండర్‌కో గొంతు ఇవ్వడంలో ఉంది. ఈ హెడ్‌లో ద్వారమే ఉమ్మడి కాబట్టి ఆ లాభం దక్కదు. క్యామ్, హెడ్ మార్చిన రేసు ఇంజనుకు సరే. మామూలు బండికి స్పిండిల్ బుష్‌లు మార్పించిన ఎస్‌యూలే మేలు. పిస్టన్లను, వాటి పై గిన్నెలను మాత్రం ఒకదానివి మరొకదానికి మార్చొద్దు, అవి జతగా అమర్చినవి. ఎయిర్ ఫిల్టర్ రకం మారిస్తే సూది కూడా మార్చాల్సి రావచ్చు.