జర్నలిజం బోర్డు మీదికి ‘కమ్యూనికేషన్’ ఎలా వచ్చింది?

అడ్మిషన్ల రోజుల్లో అమ్మాయి ‘మాస్ కమ్యూనికేషన్ తీసుకుంటా’ అంటే ఇంట్లో వచ్చే మొదటి ప్రశ్న: ‘అంటే పేపర్లో రాస్తావా, టీవీలో కనిపిస్తావా?’ పాపం, పెద్దవాళ్లను తప్పుపట్టలేం. ఎవరికి అవసరం పడితే వాళ్ల పనికి తగ్గట్టు మారుతూ వచ్చిన చదువు ఇది.

మొదట్లో ఇది అచ్చంగా పేపరు పని. అమెరికాలోని మిస్సోరి యూనివర్సిటీలో 1908లో జర్నలిజం స్కూలు పెట్టారు. మన దేశంలో 1938లో అలీగఢ్‌లో ఒక కోర్సు మొదలై రెండేళ్లకే ఆగింది. 1941లో లాహోర్‌లో పంజాబ్ యూనివర్సిటీ పెట్టిన శాఖ దేశ విభజనతో ఢిల్లీకి, తర్వాత చండీగఢ్‌కు చేరింది. ఉస్మానియాలో 1954లో జర్నలిజం శాఖ వచ్చింది. దాన్ని నిలబెట్టినవాడు డిఫారెస్ట్ ఓడెల్ అనే అమెరికన్. వార్త రాయడం, దిద్దడం, హెడ్డింగు పెట్టడం: ఇదీ అప్పటి చదువు.

‘కమ్యూనికేషన్’ అనే మాట మాత్రం ప్రభుత్వం చెయ్యి పట్టుకుని వచ్చింది. కొత్త వంగడాలు, కుటుంబ నియంత్రణ గురించి పల్లెకు ఎలా చెప్పాలన్నది అప్పటి పెద్ద సమస్య. 1965లో ఢిల్లీలో ఐఐఎంసీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మాస్ కమ్యూనికేషన్) పుట్టిందీ ఆ రోజుల్లోనే. పదేళ్లకు ‘సైట్’ (SITE) అనే ఉపగ్రహ టీవీ బోధన ప్రయోగం. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు ఏటీఎస్-6 అనే అమెరికా ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు టీవీ కార్యక్రమాలు పంపారు. అందులో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. కోళ్ల గూళ్లకు కొట్టే ఇనుప వలతో చేసిన పదడుగుల యాంటెన్నా, దాని కింద ఊరందరికీ కలిపి ఒకే సెట్టు. నాకు ఆసక్తిగా అనిపించేది ఆ టీవీ కాదు. చూస్తున్నవాళ్లకు ఏం అర్థమవుతోందో గమనించడానికి పరిశోధకులు ఆ ఊళ్లలోనే మకాం పెట్టారు. చెప్పేవాడి నుంచి వినేవాడి వైపు చూపు తిరగడమంటే అదే. మీడియా స్టడీస్‌కు ప్రాణం కూడా అక్కడే ఉంది.

ఈలోగా తెలుగు పత్రికలు వేరే దారి పట్టాయి. జిల్లా ఎడిషన్లు వచ్చాక మండలానికో విలేకరి కావాల్సి వచ్చింది. యూనివర్సిటీ పాఠాలేమో ఎక్కువగా ఇంగ్లిష్‌లో. అందుకే ఈనాడు వంటి సంస్థలు సొంత జర్నలిజం స్కూళ్లు పెట్టుకున్నాయి. ఉద్యోగం అక్కడ, సిద్ధాంతం ఇక్కడ అన్న చీలిక అలా ముదిరింది.

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ కమ్యూనికేషన్ విభాగం ఇంకో ప్రశ్న ఎత్తుకుంది: అసలు మైకు ఎవరి చేతిలో ఉంది? అక్కడి ఆచార్యులు వినోద్ పావరాల, కంచన్ మలిక్ కమ్యూనిటీ రేడియో, అంటే స్థానికులే తమ కోసం నడుపుకునే రేడియో మీద పుస్తకమే రాశారు. వాళ్లు పరిశీలించిన వాటిలో జహీరాబాద్ దగ్గరి మాచనూరు రేడియో ఒకటి. దళిత మహిళలు నడిపే ఆ స్టూడియో 1990ల చివర్లోనే సిద్ధమైంది. రేడియో తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పినా, స్వచ్ఛంద సంస్థలకు లైసెన్సులిచ్చే విధానం 2006లో గానీ రాలేదు. అందాకా ఆ మహిళలు విత్తనాల సంగతులు, పాటలు రికార్డు చేసి, సంఘం మీటింగుల్లో టేప్ రికార్డర్ మీద వినిపించారు. 2008 అక్టోబరు 15న వాళ్ల స్టేషన్ ‘సంఘం రేడియో’ పేరుతో గాలిలోకి వచ్చింది.